ఎలుక కార్జంలో రుజువైంది అంటే ఏం రుజువైనట్టు?

నల్గొండ, పాలమూరు పల్లెల్లో కామెర్లు వచ్చాయంటే డాక్టర్ కంటే ముందు పసరు పోసే మనిషి గుర్తొస్తాడు. ఏ ఊళ్లో పోస్తారు, ఏ వారం పోస్తారు, పత్యం ఎన్నాళ్లు ఉండాలి అన్నవి బస్టాండ్‌లో ఎవరిని అడిగినా చెప్తారు. ఈ మధ్య ఆ నమ్మకానికి కొత్త సాక్షి తోడైంది. "నేల ఉసిరి లివర్‌ను కాపాడుతుందని ఎలుకల మీద పరిశోధనల్లో రుజువైంది" అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. అవి పచ్చి అబద్ధాలైతే పేచీ లేకపోయేది. అలాంటి ప్రయోగాలు నిజంగానే జరిగాయి, మందు తాగిన ఎలుకల కార్జాలు నిజంగానే బాగున్నాయి. పేచీ అంతా ఆ తర్వాత వచ్చే "కాబట్టి మనిషికీ పనిచేస్తుంది" అన్న మాటతోనే.

దీన్ని విప్పాలంటే ముందు కార్జంలోకి రక్తం ఎటు నుంచి వస్తుందో, ఎటు పోతుందో తెలియాలి. కార్జం గురించి రాసేవాళ్లు ఎక్కువగా కణాల గురించే రాస్తారు. నా లెక్కలో అది సగం కథే. కార్జంలో ఒక కణం ఏ పని చేస్తుంది, ఏ విషానికి ముందు చస్తుంది అన్నది అది రక్తం దారిలో ఎక్కడ కూర్చుందన్న దాన్ని బట్టి ఉంటుంది. జంతువుల మీద నూట యాభై ఏళ్లకు పైగా సాగిన పరిశోధనలు తేల్చిన అసలు సంగతి ఇదే.

పెద్ద మనిషి కార్జం కిలోన్నర లోపే తూగుతుంది. ఒంటి బరువులో రెండు, రెండున్నర శాతం. కానీ గుండె నిమిషానికి పంపే రక్తంలో నాలుగో వంతు, అంటే లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా దాని గుండా పోతుంది. ఆ రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి హెపాటిక్ ధమని. గుండె నుంచి వచ్చే తాజా రక్తాన్ని తెస్తుంది, మొత్తంలో దాని వాటా పావు వంతు. మిగతా ముప్పావు వంతు పోర్టల్ సిరది. కడుపు, పేగులు, ప్లీహం, క్లోమం అన్నీ వాడుకున్నాక మిగిలిన రక్తాన్ని అది పోగు చేసి తెస్తుంది. తిన్న అన్నంలోని చక్కెర, మింగిన గోళీ, తాగిన కల్లు, పేగులోని సూక్ష్మజీవుల విసర్జనలు అన్నీ ఇందులోనే వస్తాయి. ఈ రక్తంలో ఆక్సిజన్ తక్కువే. అయినా పరిమాణం ఎక్కువ కావడంతో కార్జానికి అందే ఆక్సిజన్‌లో దాదాపు సగం దీని నుంచే దొరుకుతుంది.

ఈ రెండు రక్తాలూ కార్జం లోపల సైనుసాయిడ్లు అనే సన్నని దారుల్లో కలిసిపోతాయి. ఆ దారికి రెండు పక్కలా కాలేయ కణాలు వరుసగా ఉంటాయి. పోర్టల్ సిర కొస నుంచి, రక్తం బయటికి పోయే కేంద్ర సిర దాకా ఒక వరుసలో సుమారు ఇరవై కణాలు, అంతా కలిపి అర మిల్లీమీటరు కూడా ఉండదు. కానీ ఆ కొద్ది దూరంలోనే ఆక్సిజన్ పీడనం సుమారు 60 నుంచి 30 పాదరస మిల్లీమీటర్లకు పడిపోతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద రైతులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాలువ మొదట్లో ఉన్నవాళ్లకు నీళ్లు నిండుగా పారతాయి, చివరి ఆయకట్టుకు మిగిలినవే వస్తాయి, దాన్ని బట్టే ఎవరు ఏ పంట వేయాలో తేలుతుంది. కార్జంలోనూ మొదటి కణాలు ఆక్సిజన్ ఎక్కువ కావాల్సిన పనులు చేస్తాయి. కొత్తగా గ్లూకోజ్ తయారు చేయడం, కొవ్వును కాల్చడం, అమ్మోనియాను యూరియాగా మార్చడం వాటి వంతు. మందులను, విషాలను విరిచే ఎంజైములు ఎక్కువగా చివరి కణాల్లో ఉంటాయి.

మైక్రోస్కోపులో చూస్తే ఈ కణాలన్నీ అన్నదమ్ముల్లా ఒకేలా కనిపిస్తాయి. 1833లో ఫ్రాన్సిస్ కీర్నన్ కార్జంలోని లోబ్యూళ్లను, అంటే చిన్న చిన్న గడులను, వర్ణించాడు. పంది కార్జంలో వాటి మధ్య గోడలు స్పష్టంగా ఉంటాయి, మనిషి కార్జంలో అలా ఉండవు. 1954లో రాపపోర్ట్ రక్తం పారే దిక్కును బట్టి కార్జాన్ని మూడు మండలాలుగా చూడాలన్నాడు. పాథాలజీ డాక్టర్లు ఇప్పటికీ ఆ ఒకటి, రెండు, మూడు అంకెలే వాడతారు. 2017లో చిట్టెలుక కార్జంలోని కణాలను ఒక్కొక్కటిగా విడదీసి ఏ జన్యువు ఎక్కడ ఎంత పనిచేస్తోందో కొలిచినప్పుడు, పరీక్షించిన జన్యువుల్లో దాదాపు సగం చోటును బట్టి మారుతున్నాయని తేలింది. చూపుకు ఒకటే, పనిలో వేరు.

అసలు ఆ కణాలను సరిగ్గా చూడాలన్నా రక్తం వచ్చే దారినే పోవాలి. కోసిన కార్జం ముక్కను రసాయనంలో ముంచితే, అది లోపలికి ఇంకేలోపే సన్నని దారులు ముడుచుకుపోతాయి. 1970లో ఎడ్డీ విస్సే ఎలుక కార్జానికి రక్తనాళం గుండానే రసాయనాన్ని ఎక్కించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశాడు. సైనుసాయిడ్ గోడల నిండా చిన్న చిన్న రంధ్రాలు గుంపులుగా కనిపించాయి. ఒక్కోటి మీటరులో కోటి వంతు అంత. మిగతా చాలా అవయవాల్లో రక్తనాళపు గోడకు, కణానికి మధ్య ఒక పొర ఉంటుంది. ఇక్కడ సరైన పొర లేదు. రక్తంలోని ద్రవం రంధ్రాల్లోంచి బయటికి వచ్చి నేరుగా కాలేయ కణాన్ని తాకుతుంది. రక్తకణాలు మాత్రం లోపలే ఉండిపోతాయి.

దానికి ఏడాది ముందు, 1969లో బెర్రీ, ఫ్రెండ్ అనే ఇద్దరు ఇదే దారిలో కొలాజినేజ్ అనే ఎంజైమును పంపి, ఎలుక కార్జం కణాలను బతికుండగానే విడదీశారు. ఆ పద్ధతే చిన్న మార్పులతో ఇవాళ్టికీ నడుస్తోంది. ఇక్కడే ఒక పాఠం దొరికింది. విడదీసి ప్లాస్టిక్ పళ్లెంలో పెంచిన కణాలు ఒకటి రెండు రోజుల్లోనే తమ పని మర్చిపోవడం మొదలుపెడతాయి. మందులను విరిచే ఎంజైములు తగ్గిపోతాయి, మొదటి కణం, చివరి కణం అన్న తేడా చెరిగిపోతుంది. మరోవైపు, ఎలుక కార్జాన్ని బయటికి తీసి, రక్తానికి బదులు పోషక ద్రవాన్ని ఎదురు దిక్కున పారించి చూశారు. ఆక్సిజన్ ఎక్కువ వాడుకునే చోటు కూడా అటునుంచి ఇటు మారింది. అంటే పనుల పంపకంలో కొంత భాగం కణం పుట్టుకతో తెచ్చుకున్నది కాదు, ప్రవాహం దిక్కు ఇచ్చింది.

ఇక నేల ఉసిరి సంగతికి వద్దాం. కార్జాన్ని కాపాడే మందు అని పరీక్షించే ప్రయోగాల్లో చాలావాటికి ఒకే మూస ఉంటుంది. ఎలుకలను గుంపులుగా విడదీస్తారు. కొన్నిటికి కొన్ని రోజుల ముందు నుంచే ఆకు సారం తాగిస్తారు. తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇస్తారు. ఒకప్పుడు డ్రై క్లీనింగ్‌లో, మంటలార్పే సీసాల్లో వాడిన ద్రవం అది. ఒకటి రెండు రోజుల తర్వాత రక్తంలో ఎస్‌జీపీటీ (కార్జం కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) చూస్తారు, కార్జాన్ని కోసి మైక్రోస్కోపు కింద పెడతారు. విషం మాత్రమే ఇచ్చిన ఎలుకల్లో కేంద్ర సిర చుట్టూ కణాలు చచ్చి ఉంటాయి, ఎస్‌జీపీటీ ఆకాశానికి అంటి ఉంటుంది. సారం తాగిన ఎలుకల్లో దెబ్బ తక్కువగా కనిపిస్తుంది. పేపర్‌లో "లివర్‌ను రక్షించింది" అని పడుతుంది.

చివరి కణాలే ఎందుకు చచ్చాయి? కార్బన్ టెట్రాక్లోరైడ్ తనంతట తానుగా చేసే చెరుపు తక్కువ. సైటోక్రోమ్ కుటుంబంలోని 2ఇ1 అనే ఎంజైము దాన్ని విరిచినప్పుడే అసలు విషం పుడుతుంది. ఆ ఎంజైము ఎక్కువగా ఉండేది చివరి కణాల్లోనే. పైగా అక్కడ ఆక్సిజన్ కూడా తక్కువ. ఇప్పుడు ఆకు సారంలోని ఏదో పదార్థం ఆ ఎంజైమును అణిచేసిందనుకుందాం. అసలు విషం తయారే కాదు. కార్జం చక్కగా ఉంటుంది. కానీ జరిగింది రక్షణా, వైద్యమా? రెండూ కాదు, విషం పుట్టకుండా ఆపడం. కామెర్లతో వచ్చిన మనిషి కార్జంలో హెపటైటిస్ వైరస్ ఉంటే అక్కడ కార్బన్ టెట్రాక్లోరైడూ లేదు, 2ఇ1 సృష్టించిన విషమూ లేదు. ఆ ఎలుక ఇచ్చిన సాక్ష్యం ఈ కేసుకే సంబంధించింది కాదు.

అందుకే మంచి ప్రయోగాల్లో విషం ఇచ్చాక, దెబ్బ తగిలాక మందు ఇచ్చి చూస్తారు, ఆ ఎంజైము ఎంత పనిచేస్తోందో విడిగా కొలుస్తారు. ఈ రెండూ లేని పేపర్ కనిపిస్తే నేను పెద్దగా పట్టించుకోను. నేల ఉసిరి విషయంలో మనుషుల మీద కూడా పరీక్షలు జరిగాయి. 1988లో మద్రాసు నుంచి వచ్చిన ఒక అధ్యయనం హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో చాలామందికి రక్తంలో వైరస్ గుర్తు మాయమైందని చెప్పింది, ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. తర్వాత వేరే చోట్ల చేసినప్పుడు ఆ ఫలితం నిలబడలేదు. మరి పసరు తాగినవాళ్లకు కామెర్లు తగ్గుతున్నాయి కదా అంటే, నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. గర్భిణికి హెపటైటిస్ ఇ వచ్చినప్పుడు, పైత్యరసం దారిలో రాయో గడ్డో అడ్డుపడినప్పుడు పసరు కోసం పోగొట్టుకున్న వారం ప్రాణం మీదికి తెస్తుంది.

ఏ జంతువు అన్నది మరో చిక్కు. దీనికి మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగిలో పల్లీ బాగా వేస్తారు. కాయ సరిగ్గా ఎండకుండా తేమతో నిల్వ చేస్తే పసుపుపచ్చ బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఇది బయటపడిందే కోళ్ల జాతి పక్షుల చావులతో. 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లీ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. బాతుపిల్లకు ఇది కొంచెం పడినా చాలు. ఎలుకలో క్యాన్సర్ తెస్తుంది. ఎదిగిన చిట్టెలుక మాత్రం దాదాపు లెక్కచేయదు, ఎందుకంటే ఆ విషాన్ని పట్టి నిర్వీర్యం చేసే ఎంజైము దాని కార్జంలో పుష్కలంగా ఉంటుంది. చిట్టెలుక మీద మాత్రమే పరీక్షించి ఉంటే పల్లీ బూజు నిరపాయం అని రాసుకునేవాళ్లం. ఇంకో విచిత్రం చూడండి. కార్బన్ టెట్రాక్లోరైడ్ చివరి కణాలను చంపితే, అఫ్లాటాక్సిన్ ఎలుకలో కాలువ మొదటి కణాలను చంపుతుంది. కొన్ని ఇతర జంతువుల్లో అదే విషం కేంద్ర సిర చుట్టూ ఉన్నవాటిని కొడుతుంది.

హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థలో, ఇప్పటి ఎన్‌ఐఎన్‌లో, మాధవన్, గోపాలన్ 1968లో ప్రచురించిన అధ్యయనం ఇంకాస్త తికమక పెడుతుంది. అఫ్లాటాక్సిన్ ఇచ్చిన ఎలుకల్లో కొన్నిటికి ఆహారంలో 5 శాతం ప్రోటీన్, కొన్నిటికి 20 శాతం ప్రోటీన్ పెట్టారు. కార్జం గడ్డలు ఎక్కువ ప్రోటీన్ తిన్నవాటిలో వచ్చాయి. తక్కువ తిన్నవాటిలో రాలేదు. దీన్ని పట్టుకుని "ప్రోటీన్ తింటే క్యాన్సర్" అని ఊదరగొట్టేవాళ్లు ఉన్నారు. కానీ అదే అధ్యయనంలో తక్కువ ప్రోటీన్ ఎలుకలకు విషం దెబ్బ తొందరగా, తీవ్రంగా తగిలింది. గడ్డ రావాలంటే ముందు బతకాలి, కణాలు పెరగాలి, విషాన్ని చురుకైన రూపానికి మార్చే ఎంజైము ఉండాలి. ఆ ఎంజైము తయారవడానికీ ప్రోటీనే కావాలి. అసలే బక్కగా ఉన్న పిల్లలున్న జిల్లాల్లో గుడ్డూ పప్పూ మానేయమని చెప్పడానికి ఈ ఎలుకలను వాడుకోవడం అన్యాయం.

సారా, కల్లు సంగతిలోనూ ఎలుక మనిషిలా ప్రవర్తించదు. అది మద్యాన్ని అంతగా ఇష్టపడదు, తాగినా త్వరగా విరిచేస్తుంది. అందుకే 1960ల నుంచి మద్యం కలిపిన ద్రవాహారం తప్ప వేరే తిండి లేకుండా పెంచుతూ వచ్చారు. అప్పుడు కార్జంలో కొవ్వు చేరుతుంది, కానీ కార్జం పీచుకట్టి గట్టిపడే సిర్రోసిస్ మాత్రం మామూలుగా రాదు. బబూన్ కోతుల్లో కొన్నేళ్లు ఇస్తే సిర్రోసిస్ వచ్చింది. "ఎలుకల్లో ఏమీ కాలేదు" అన్న మాటను తాగేవాళ్లు తమకు అనుకూలంగా వాడుకోవచ్చు గానీ, కార్జం ఒప్పుకోదు.

నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నల్గొండ ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే పెట్టుకుంది. "ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఎలుకల కార్జం దెబ్బతింది" అనే వార్త కూడా అప్పుడప్పుడు వస్తుంటుంది. ఇక్కడ చూడాల్సింది మోతాదు. ఇలాంటి ప్రయోగాల్లో చాలాసార్లు లీటరుకు 100 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ కలుపుతారు. అందులో ఫ్లోరైడ్ 45 మిల్లీగ్రాములు, మిగతాది సోడియం. తాగునీటికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంటే ముప్పై రెట్లు. పరిశోధకులు కావాలని మోసం చేయట్లేదు. ఎలుక రక్తంలో మనిషితో సమానమైన స్థాయి రావాలంటే నీళ్లలో ఎక్కువే కలపాలి, కొద్ది నెలల్లో ఫలితం కనిపించాలి. కానీ ఆ లెక్క శీర్షికలో ఉండదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ వంచిన ఎముకలు, గారపట్టిన పళ్లు కళ్ల ముందున్న నిజం. వాటి పక్కన ఈ ఎలుకల కార్జాన్ని నిలబెట్టి భయపెట్టాల్సిన పనిలేదు.

కణాల కంటే ప్రవాహాన్ని కొలవడం కష్టం. కార్జానికి రక్తం ఎంత వస్తోందని అడిగితే, రెండు దారులనూ విడివిడిగా కొలవాలి. ఒక పద్ధతిలో 15 మైక్రాన్ల సన్నని గోళీలకు రేడియోధార్మికత అంటించి ఎలుక గుండె ఎడమ గదిలోకి వదులుతారు. అవి రక్తంతో పాటు వెళ్లి, ప్రతి అవయవంలోని సన్ననాళాల్లో ఇరుక్కుంటాయి. ఎక్కడ ఎన్ని చిక్కాయో లెక్కిస్తే ఎక్కడికి ఎంత రక్తం పోయిందో తెలుస్తుంది. కానీ కార్జంలో చిక్కేవి ధమని దారిలో వచ్చినవే. పేగుల దారిలో వెళ్లినవి పేగుల్లోనే ఆగిపోతాయి. కాబట్టి పోర్టల్ వాటా తెలియాలంటే కడుపు, పేగులు, ప్లీహం, క్లోమం అన్నిటి లెక్కలూ కూడాలి. ఇది తెలియకుండా చదివితే "కార్జానికి రక్తం తగ్గింది" అన్న వాక్యం ఏ దారి గురించో అర్థం కాదు.

పైగా ఇలాంటివి ఎక్కువగా జంతువుకు మత్తు ఇచ్చే చేస్తారు, మత్తుమందే ప్రవాహాన్ని మారుస్తుంది. పాత రోజుల్లో వాడిన హలోథేన్ కార్జానికి రక్తాన్ని బాగా తగ్గించేది. ఐసోఫ్లురేన్‌తో ఆ ఇబ్బంది తక్కువ. ఎలుక తిని ఉందా, పస్తు ఉందా అన్నదీ ముఖ్యమే, తిన్నాక పోర్టల్ ప్రవాహం పెరుగుతుంది. రెండు పరిశోధనలు వ్యతిరేక ఫలితాలు చెప్పాయంటే సగం సార్లు కారణం ఇలాంటి చోటే ఉంటుందని నా అనుమానం.

ఇంత చిక్కులోంచి కూడా ఒక అందమైన నిజం బయటపడింది. పోర్టల్ సిరలో ప్రవాహం తగ్గితే హెపాటిక్ ధమని వెడల్పై ఆ లోటును కొంత పూడుస్తుంది. 1981లో దీనికి పేరు పెట్టిన వేన్ లాట్, పిల్లుల మీద చేసిన పనితో కారణాన్నీ సూచించాడు. కార్జంలో అడినోసిన్ అనే పదార్థం నిరంతరం ఊరుతుంటుంది, పోర్టల్ రక్తం దాన్ని కడిగేస్తుంటుంది. ప్రవాహం తగ్గితే అది పోగుపడి పక్కనే ఉన్న ధమనిని వదులు చేస్తుంది. తమాషా ఏంటంటే ఇది ఒకవైపే నడుస్తుంది. ధమనిలో తగ్గితే పోర్టల్ సిర సాయం చేయలేదు, ఎందుకంటే పేగులు ఎంత పంపితే అంతే దానికి వస్తుంది.

ప్రవాహం ఆగితే ఏమవుతుందో గొర్రెల కాపరులకు ప్రయోగశాల లేకుండానే తెలుసు. కుంట గట్ల మీద, చెరువు కింద తడి గడ్డి మేసిన జీవాలకు కార్జపు జలగ పడుతుంది. గొంతు కింద నీరు దిగుతుంది, జీవం రోజురోజుకూ చిక్కిపోతుంది. పిల్ల జలగలు కార్జాన్ని తొలుచుకుంటూ పోతాయి. అవి తొలిచిన దారిలో రక్తం అందక చచ్చిన కండ మిగులుతుంది, అక్కడ ఆక్సిజన్ ఉండదు. మట్టి నుంచి వచ్చి కార్జంలో ఎప్పటినుంచో నిద్రపోతున్న క్లాస్ట్రిడియం నోవై అనే బ్యాక్టీరియా బీజాలు ఉన్నాయనుకోండి, వాటికి కావాల్సిందే అలాంటి చోటు. మొలకెత్తి విషం విడుస్తాయి, గొర్రె గంటల్లో చచ్చిపోతుంది. పశువైద్యులు దీన్ని బ్లాక్ డిసీజ్ అంటారు. జలగ ఒక్కటే అయితే నెలలు పట్టేది, బీజాలు ఒక్కటే అయితే ఏమీ అయ్యేది కాదు. ఆ రెండిటినీ కలిపింది రక్తం ఆగిన చిన్న మచ్చ.

మనిషి కార్జంలో ప్రవాహం ఆగడం ఇంత నాటకీయంగా ఉండదు, ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. సైనుసాయిడ్ గోడకు, కాలేయ కణానికి మధ్య సందులో విటమిన్ ఎ దాచుకునే కణాలు ఉంటాయి. దెబ్బ మీద దెబ్బ తగిలితే అవి విటమిన్‌ను వదిలేసి పీచు నేయడం మొదలుపెడతాయి. గోడలోని రంధ్రాలు మూసుకుపోతాయి, లేని పొర వచ్చి కూర్చుంటుంది. రక్తానికి దారి ఇరుకై పోర్టల్ పీడనం పెరుగుతుంది. కార్జానికి ముందూ వెనకా సిరల పీడనంలో తేడా మామూలుగా 5 మిల్లీమీటర్ల లోపు. అది 10 దాటితే అన్నవాహికలో సిరలు ఉబ్బడం మొదలవుతుంది, 12 దాటితే అవి పగిలి రక్తం కక్కే ప్రమాదం. గుండెకు వాడే ప్రొప్రనొలాల్ గోళీని సిర్రోసిస్ ఉన్నవాళ్లకు డాక్టర్ ఎందుకు రాస్తాడంటే ఇందుకే. గుండె వేగం తగ్గి, పేగులకు పోయే రక్తం తగ్గి, పోర్టల్ సిరలోకి వచ్చే రక్తమే తగ్గుతుంది. బీపీ లేదు కదా అని మధ్యలో మానేసేవాళ్లను చూస్తుంటాం. అది బీపీ కోసం ఇచ్చింది కాదు.

కల్లు గురించి ఒక మాట. తాటికల్లు, ఈతకల్లు వేరు, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపిన కల్లు వేరు. రెండోది మన జిల్లాల్లో పాత జబ్బు. కార్జం మందులను రెండు రకాలుగా తీసేస్తుంది. కొన్నిటిని అందినవి అందినట్టే లాగేస్తుంది, వాటి విషయంలో ఎంత రక్తం వచ్చిందన్నదే లెక్క. ప్రొప్రనొలాల్ అలాంటిది. కొన్నిటిని కొద్దికొద్దిగా విరుస్తుంది, అక్కడ ఎంజైముల బలమే లెక్క. డైజిపామ్ ఈ రెండో రకం. సిర్రోసిస్ ఉన్నవాళ్ల ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గడానికి మామూలుకంటే రెట్టింపు సమయం పడుతుంది. నిన్నటి సీసాలోది పోకముందే ఇవాళ్టిది చేరుతుంది. మనిషి మంచంలోంచి లేవకపోతే ఇంట్లోవాళ్లు "ఎక్కువ తాగాడు" అనుకుంటారు. ఎప్పుడూ తాగినంతే తాగి ఉండొచ్చు.

ఇన్ని తేడాలున్నా జంతువుల మీద పని దండగ కాదు. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ ఎలుక కార్జంలో మూడింట రెండు వంతులు కోసేస్తే, వారం పది రోజుల్లో అది మళ్లీ మునుపటి బరువుకు వచ్చింది. కోసిన ముక్కలు మొలవలేదు, మిగిలిన ముక్కే పెరిగింది. 1967లో రెండు ఎలుకల రక్త ప్రసరణను కలిపి, ఒకదాని కార్జం కోస్తే రెండోదాని కార్జంలోనూ కణాల విభజన మొదలైంది. పెరగమన్న కబురు రక్తంలో వస్తోందన్నమాట. తర్వాత పందుల మీద చేసిన పనిలో, మిగిలిన ముక్క మరీ చిన్నదైతే మొత్తం పోర్టల్ రక్తం దాని మీద పడి అది దెబ్బతింటుందని తెలిసింది. ఇవాళ కొడుకు కార్జంలో ముక్క తీసి తండ్రికి పెట్టేటప్పుడు సర్జన్లు ముక్క బరువుతో పాటు ప్రవాహాన్నీ లెక్కవేస్తారంటే ఆ ఎలుకలు, పందుల దయే.

అదే సమయంలో 1993 మర్చిపోకూడదు. ఫియాలురిడిన్ అనే హెపటైటిస్ బి మందును మామూలు జంతు పరీక్షల తర్వాత అమెరికాలో 15 మందికి ఇచ్చారు. ఏడుగురి కార్జం పాడైంది, ఐదుగురు చనిపోయారు. మందు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలను లోపల్నించి దెబ్బతీసింది. అది నెలలు గడిస్తే గానీ బయటపడలేదు. ఎలుకలు, కుక్కలు, కోతులు ముందుగా హెచ్చరించలేదు.

మన దేశంలో జంతువులపై ప్రయోగాలకు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద అనుమతి కావాలి, ప్రతి సంస్థలో నైతిక కమిటీ ఉండాలి. 2023లో కేంద్రం నిబంధనలు సవరించి, కొత్త మందుల పరీక్షలో జంతువులు లేని పద్ధతులకూ చోటిచ్చింది. వాటిలో ముందున్నది లివర్ చిప్. వేలెడంత ముక్కలో మనిషి కాలేయ కణాలు, రక్తనాళపు గోడ కణాలు పెట్టి, వాటి పక్క నుంచి ద్రవాన్ని నిరంతరం పారిస్తారు. ప్లాస్టిక్ పళ్లెంలో పని మర్చిపోయిన కణాలు ఇక్కడ ఎక్కువ రోజులు గుర్తుంచుకుంటాయి. 2022లో 27 మందులతో పరీక్షించినప్పుడు, మనుషుల కార్జానికి హాని చేసిన వాటిలో 87 శాతాన్ని ఈ చిప్‌లు పట్టుకున్నాయి. వాటిలో చాలావరకు జంతు పరీక్షలు దాటి వచ్చిన మందులే. కానీ భోజనం తర్వాత పేగుల నుంచి ఎంత రక్తం వస్తుంది, గుండె నీరసిస్తే అది ఎంత తగ్గుతుంది, ఆ లోటుకు ధమని ఎంత సర్దుకుంటుంది అని అడిగితే చిప్‌లో పేగు లేదు, ప్లీహం లేదు, గుండె లేదు. ఆ ప్రశ్నలకు పరిశోధకులు ఇప్పటికీ ఎలుక దగ్గరికే వెళ్తున్నారు.